నష్టం కనబడని ఫోటో

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో ఏనుగుల దండు ఉంది. అది తొక్కి ధ్వంసం చేసిన నేల ఉంది. ఎవరొచ్చినా ఆపి, మూట విప్పించి, సోదా చేసి గానీ వదలని ద్వారపాలకుడున్నాడు. తన చేతి పనికి తన పేరే పెట్టవద్దని పట్టుబట్టిన కళాకారుడు కూడా ఉన్నాడు. పాఠకులు కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చోవచ్చు.

కూర్చున్నారా? నిజానికి ఇది ఒక ఫోటో అప్‌లోడ్ కావడం గురించి. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, కాకపోవడం గురించి. కాళ్ళు కడుక్కోవడం ఎలాగూ మంచి అలవాటే కాబట్టి నష్టమేమీ లేదు.

మా అమ్మ తృప్తి కోసం నేను ఏటా ఒక ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు పెడుతుంటాను. ఈసారి పెట్టింది తిరిగొచ్చింది. గుర్తింపు చిహ్నాల దగ్గర ‘ఎడమ చెంప మీద పుట్టుమచ్చ’ అని నేనే రాశాను. ఫోటోలో పుట్టుమచ్చ లేదు. అద్దంలో చూసుకున్నాను, ఉంది. ఎవరు తీసిన ఫోటోనో అప్పుడు గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఇలాంటివి రాసేవాళ్ళు సాధారణంగా మొదటి పేజీలోనే మనిషిని చంపేస్తారు. క్షమించాలి, ఈయన బతికే ఉన్నాడు. కుప్పంలో కూతురి ఇంట్లో, ఎండ పడని వైపు కుర్చీ వేసుకుని, నిక్షేపంగా ఉన్నాడు.

అంతకుముందు పుంగనూరులో ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియోలో వెనక తెర మీద ఒక జలపాతం. పుంగనూరు చుట్టుపక్కల నీళ్ళన్నీ ఒకచోట పోసినా అంత జలపాతం కాదు. దాని ముందు స్టూలు. స్టూలు మీద కూర్చున్నవాళ్ళ దగ్గరికి ఆయన నింపాదిగా వచ్చి, గడ్డాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది. ఆయన నెత్తి మీద వెంట్రుక లేదు. దువ్వెన లోకం కోసం. పెళ్ళికొడుకుల్ని దువ్వేవాడు, బడి పిల్లల్ని దువ్వేవాడు. ఒకసారి ఫోటోకు తెచ్చిన పొట్టి ఆవుకు నుదుటి మీద జుట్టు దువ్వి, “తల కొంచెం కిందికమ్మా, అట్లే ఉండు” అన్నాడని చెప్పుకుంటారు. ఆవు ఉన్నదట.

“నా కెమెరా ముందర అసయ్యంగా వచ్చినోడు ఇంకా పుట్టలేదప్పా” అనేవాడు. అది గొప్ప కాదు, నిజం. ఫోటో తీయడం ఆయనకు సగం పని. మిగతా సగం కంప్యూటరు ముందు మొదలయ్యేది. మచ్చలు పోయేవి, ముడతలు పోయేవి, మెడకు పొడుగొచ్చేది. ఆయన తీసిన ఫోటో చూసి పెళ్ళిచూపులకు బయల్దేరినవాళ్ళు, తీరా అమ్మాయిని చూశాక ఇల్లు తప్పామేమోనని లేచి చెప్పులు వెతుక్కున్న సందర్భాలు పుంగనూరులో ఉన్నాయి.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. ఎవరి ముఖం వాళ్ళే పాడుచేసుకోవడం నేర్చుకున్నారు. జలపాతం ముందు స్టూలు ఖాళీ అయింది.

నాకు ఆయన పరిచయమయింది అప్పుడే. మదనపల్లెలో టైర్ల కొట్టు పైన రెండు గదుల్లో మా కంపెనీ ఉంది. కంపెనీ అంటే నేను, నా స్నేహితుడు, ఎప్పుడూ వేడెక్కే ఒక ప్లగ్‌బోర్డు. కుప్పం వైపు ఒక రైతుల సంఘం మాకు పని ఇచ్చింది. రామకుప్పం పక్క పల్లెల్లో అడవి నుంచి ఏనుగులు దిగి పంటలు తొక్కేస్తుంటాయి. అలా పంట పోయినవాళ్ళకు మళ్ళీ నాటుకోవడానికి సంఘం తన నర్సరీ నుంచి టమోటా నారు ఉచితంగా ఇస్తుంది. ఇవ్వాలంటే తొక్కిన పొలం ఫోటో కావాలి. ఫోటోలు తీసి ఫోనులో పంపడానికి సంఘం వెతికి వెతికి ఒక అనుభవజ్ఞుణ్ణి పెట్టుకుంది. ఆయన పుంగనూరు స్టూడియోకు తాళం వేసి, కూతురి దగ్గర దిగి, మోపెడ్ ఎక్కాడు. జీవితమంతా వికారాల్ని తుడిచిపెట్టిన మనిషికి, వికారాన్ని ఉన్నదున్నట్టు చూపించే ఉద్యోగం ఇచ్చారన్నమాట. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆయన పంపేది అందుకునే ప్రోగ్రాము నాది. మదనపల్లెలో పుట్టినవాడికి ఈ పని ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. మా టమోటా మార్కెట్టులో బాక్సు మీద ఏం రాసుందో ఎవరూ చదవరు, పైన మెరిసే కాయల్ని ఎవరూ నమ్మరు. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి కింది కాయ పైకి తీస్తారు. నా ప్రోగ్రామూ అంతే. ఫోను నుంచి అన్నీ కలిసి ఒకే మూటగా వస్తాయి. రైతు పేరొక అరలో, ఊరొక అరలో, ఫోటో ఒక అరలో, మధ్యలో అడ్డగీతలు. మా వాళ్ళు దీన్ని మల్టీపార్ట్ అంటారు. ఆ గీతల దగ్గర విప్పుకుంటూ పోయి ఒక్కో అరా చూడాలి. పేరు ఖాళీగా ఉందా? ఫోటో బరువు పరిమితి దాటిందా? ఫోటో అని చెప్పి వచ్చింది అసలు ఫోటోయేనా? ఫైలు పేరు చివర జేపీజీ అని తగిలించుకుని ఏదైనా రావచ్చు. అందుకని లోపలి మొదటి అక్షరాలు చూస్తాను. అన్నీ సరిపోతే లోపలికి, లేదంటే ఎర్రక్షరాలతో వెనక్కి.

మొదటి వారమే ఒక ఫోటోను అలా వెనక్కి కొట్టింది. తీసి చూస్తే అందులో ఒక చిన్నపిల్ల పాట పాడుతోంది. ఆయనకు ఫోను చేశాను.

“భాయ్, ఇది ఫోటో కాదు, పాట.”

“హౌ, మా మనవరాలు పాడింది. ఆడ ఒకాయప్ప కూసోని అన్నీ సూస్తాడంటివి గదా. పొద్దుగూకులూ తొక్కేసిన పొలాలే సూసి సూసి ఏం బాగుంటాది? కొంచెం ఇంటాడని పంపినా. పాటను లోపలికి రానీలేదు, అందుకని ఫోటో అని పేరు మార్చినా.”

తప్పు నాదే. అంతకుముందు రోజు ఆయనకు అర్థం కావాలని, “గేటు కాడ ఒక వాచ్‌మన్ ఉండాడు అనుకో భాయ్” అన్నాను. ‘వాచ్‌మన్ ఉండాడు’ చేరింది. ‘అనుకో’ దారిలో ఎక్కడో పడిపోయింది.

ఆ రోజు నుంచి నా ప్రోగ్రాముకు ఒక మనిషి రూపం వచ్చింది. ఆయన ఫోటో వెనక్కి వచ్చినప్పుడల్లా నాకు ఫోను వచ్చేది.

“అప్పా, గేటు కాడ మీ ఆయప్ప మళ్ళా తిప్పికొట్టినాడు.”

“ఏమన్నాడు భాయ్?”

“ఏమంటాడు, ఎర్రగా రాసినాడు. ఎప్పుడు సూసినా కోపమే. పెండ్లయిందా ఆయప్పకి?”

“లేదు భాయ్.”

“అదీ సంగతి.”

నేను సరిదిద్దలేదు. అంత అందంగా నడుస్తున్న దాన్ని ఎవరు ఆపుతారు? బక్రీద్‌కు కుప్పం నుంచి వచ్చే బస్సులో ఒక డబ్బా దిగింది. ‘గేటు ఆయనకు’ అని మూత మీద రాసుంది. బిర్యానీ. సర్వరుకు నోరు లేదు కాబట్టి దాని తరఫున నేను తిన్నాను. సాయంత్రం ఫోను.

“తిన్యాడా?”

“తిన్నాడు భాయ్. చాలా బాగుందన్నాడు.”

“మరి ఫోటో బరువు కొంచెం ఎక్కువైనా వదుల్తాడా ఇంక?”

“అది వేరే, ఇది వేరే అన్నాడు.”

“నిఖార్సైన మనిషప్పా” అన్నాడు, గౌరవంగా.

ఇక ఏనుగుల దగ్గరికి వద్దాం. రామకుప్పం పక్క ఒక పల్లెలో మునెమ్మ అని ఒకామె. భర్త లేడు. రెండు పాడి ఆవులు, కాస్త టమోటా తోట. ఒక తెల్లవారుజామున ఏనుగులు ఆ తోటలో దిగి, ఊతకర్రలు విరిచి, కాయ తొక్కి, తమ దారిన తాము పోయాయి. ఈయన మోపెడ్ మీద వెళ్ళాడు. వెళ్ళగానే చేసిన మొదటి పని, మునెమ్మను ముఖం కడుక్కుని చీర మార్చుకుని రమ్మనడం. “తోట ఎట్లా పోయింది, నువ్వన్నా బాగుండు” అన్నాడట. ఆమె ఫోటో ముందు తీసి, తర్వాత తోట ఫోటో తీసి, అక్కడి నుంచే పంపాడు. బరువెక్కువైందని నా గేటు వెనక్కి కొట్టింది.

బరువు తగ్గించాలంటే కంప్యూటరులో తెరవాలి. ఆయన కుప్పం వెళ్ళి తెరిచాడు. ఆయన లాంటివాడు ఒక ఫోటోను కంప్యూటరులో తెరిచాక ఏం జరుగుతుందో మీరిప్పటికే ఊహించి ఉంటారు. ముందు ఆకాశం కొంచెం నీలంగా ఉంటే బాగుంటుందనిపించింది. ఆకాశం బాగయ్యాక నేల బాగాలేనట్టు కనిపించింది. పడిపోయిన చెట్ల మీద నిలబడ్డ చెట్లను అతికించాడు. విరిగిన కర్రలు నిటారుగా లేచాయి. కాయలకు ఎరుపొచ్చింది. అప్పుడు బరువు తగ్గించి, ‘మునెమ్మ తోట బాగా వచ్చింది’ అని ఫైలుకు పేరు పెట్టి పంపాడు.

నా గేటు ఆ మూట విప్పింది. పేరుంది, ఊరుంది. ఫోటో నిజంగా ఫోటోయే. బరువు సరిగ్గా ఉంది. పచ్చ గుర్తు వేసి సగౌరవంగా లోపలికి పంపింది.

సంఘంలో ఆ ఫోటోలు చూసి నారు మంజూరు చేసే మేడమ్ నాకు ఫోను చేసింది. “ఏమప్పా, ఇది ఏనుగులు తొక్కిన తోటనా? నాకు ఈడనే ఇల్లు కట్టుకోవాలనిపిస్తాంది.”

ఆమె మంచిదే. కానీ పంట పోకుండానే నారు అడిగేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి సంఘం ఒక నియమం పెట్టుకుంది: నష్టం కనబడితేనే నారు. నర్సరీలో మిగిలింది ఆఖరి విడత. వారం లోపల నాటకపోతే నారు ముదిరిపోతుంది. కొత్తగా నారు పోసి పెంచేసరికి అదును దాటిపోతుంది. అంటే మునెమ్మ చేను ఆ పంటకాలమంతా బీడే.

“ఇంకో ఫోటో తీయండి” అంది మేడమ్. తీయడానికి తోట లేదు. నారు వస్తుందన్న నమ్మకంతో మునెమ్మ అంతా ఊడ్చి, దున్నించేసింది. పాత ఫోటో? ఆయన్ను అడిగాను.

“సర్దినాక పాతదాన్ని తుడిచేస్తా అప్పా. అసయ్యమైందాన్ని కైకు దాసిపెట్టేది?”

మర్నాడు మధ్యాహ్నం మా మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆయన, వెనకాల ఒక సంచీతో మునెమ్మ. ఇద్దరూ మదనపల్లె దాకా బస్సులు మారుతూ వచ్చారు. నాతో మాట్లాడటానికి కాదు, వాచ్‌మన్‌ను కలవడానికి.

ఆయన గది చుట్టూ చూశాడు. నన్ను చూశాడు, నా స్నేహితుణ్ణి చూశాడు, ప్లగ్‌బోర్డును చూశాడు. “ఆయప్ప యాడ? డ్యూటీ మారినాడా?”

ఇలాంటి చోట కథల్లో ఉరుము ఉరుముతుంది. మాకు కింద టైర్ల కొట్టులో గాలి కొట్టే మిషను ఆన్ అయింది.

“భాయ్, ఆయప్ప లేడు. ఎప్పుడూ లేడు. అది నేను రాసిన ప్రోగ్రాము.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి దువ్వెన తీశాడు, దువ్వడానికి ఏమీ దొరక్క మళ్ళీ పెట్టుకున్నాడు. “మరి బిర్యానీ?”

“నేనే తిన్నా భాయ్.”

“బాగుండెనా నిజంగా?”

“నిజంగా బాగుండె.”

“అది సాలు” అని, మునెమ్మ వైపు చేయి చూపించాడు. “ఆయప్ప ఉండుంటే ఎట్లనో బతిమిలాడుకుందుము. లేనోణ్ణి ఎట్ల బతిమిలాడేదప్పా? ఈ యమ్మకి ఇప్పుడు నారు ఎట్ల?”

మునెమ్మ అప్పటిదాకా నిలబడే ఉంది. “అన్నా, నేను ఎవుర్నీ బతిమిలాడేదానికి రాలా. నువ్వు బస్సెక్కమంటివి, ఎక్కినా. సారూ, నారు ఇస్తారా, ఇయ్యరా? ఇయ్యమంటే సెప్పేయండి, ఉలవలన్నా సల్లుకుంటా. సాయంత్రం ఆవులకు పాలు పిండాల నేను.”

మొత్తం వ్యవహారంలో సూటిగా మాట్లాడింది ఆమె ఒక్కతే. అప్పుడు నాకొకటి తట్టింది. “భాయ్, బరువెక్కువని తిప్పికొట్టిన ఫోటో, అది సర్దక ముందుదా, సర్దినాకదా?”

“ముందుది. పొలం కాడ నుంచే పంపినా గదా.”

శ్రద్ధ గల ప్రోగ్రామరు మూట బరువు పరిమితి దాటగానే మధ్యలోనే తలుపు మూసేస్తాడు. నా ప్రోగ్రాము అలా కాదు. మూట మొత్తం దించుకుని, పక్క గదిలో పెట్టి, అప్పుడు తూకం వేసి, ఎక్కువైందని చెబుతుంది. చెప్పాక పక్క గదిలోది తుడిచేయాలి. ఆ తుడిచే భాగం రాద్దాం రాద్దామని అలాగే ఉండిపోయింది. సర్వరులో ఆ ఫోల్డరు తెరిచాను. తిరస్కరించినవన్నీ అక్కడే పడున్నాయి. మనవరాలి పాట ఉంది. దాని కిందే మునెమ్మ తోట ఉంది.

తెర మీద తెరిచాను. చెట్లు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. కర్రలు అడ్డదిడ్డంగా విరిగి, కాయ నలిగి, మట్టి ఎర్రగా. ఏనుగు అడుగులు పళ్ళేలంత గుంటలు పడి, వాటిలో నీళ్ళు. ఒక మూల మోపెడ్ చక్రం.

“ఇదే” అంది మునెమ్మ. “ఇట్లనే ఉండె.” ఆమె వంగి, చాలాసేపు చూసింది. ఆ రోజు ఆమె తోటను అంత తీరిగ్గా చూసి ఉండదు. ఆయన మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

“మూసేయప్పా దాన్ని. మోపెడ్ కూడా పడింది సూడు, సిగ్గు పోతాంది.”

“దీన్నే పంపాలి భాయ్.”

“పంపు. ఒక్క నిమిషం ఇట్లా ఇయ్యి. ఆకాశం ఒక్కటే, ఇంకేం ముట్టను.”

“అన్నా” అంది మునెమ్మ, “ముట్టినావంటే సెయ్యి ఇరిసేస్తా.”

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “సరేమ్మా, సరే. కానీ దాని కింద నా పేరు నక్కో. నేను తీసినానని ఎవురికీ తెలియకూడదు.”

బరువు నేనే తగ్గించాను, ఇంకేమీ తాకకుండా. ‘ఫోటో తీసినవారు’ అన్న అర ఖాళీగా వదిలి పంపాను. నా గేటు నన్నే వెనక్కి కొట్టింది: ఈ అర ఖాళీగా ఉండరాదు. ఆయన తెర వైపు వంగి చదివాడు.

“సూసినావా, ఎంత మొండోడో” అన్నాడు, లేని మనిషి గురించి.

చివరికి ఆ అరలో నా పేరు రాశాను. ఆ విధంగా, ఏనుగును సర్కసులో తప్ప చూడని నేను, ఏనుగులు తొక్కిన తోట ఫోటోకు కర్తనయ్యాను. కాసేపటికి మేడమ్ ఫోను. స్పీకరు పెట్టాను.

“ఇప్పుడు సరిగ్గా ఉండాది. నారు రేపు పంపిస్తాం. ఇంత ఘోరంగా ఉండాదే, ఎవురు తీసింది?”

“నేనే మేడమ్.”

“బాగా తీసినావప్పా.”

ఆయన నొచ్చుకున్నాడు. “ఘోరంగా ఉంటే బాగా తీసినట్టంట! లోకం అట్లయింది” అన్నాడు. మునెమ్మ సంచీలోంచి జామకాయలు తీసి బల్ల మీద పెట్టి, “అన్నా, బస్సు పోతాది” అంది. వెళ్ళేముందు ఆయన నన్ను కిటికీ పక్కన నిలబెట్టి, గడ్డం పట్టుకుని తిప్పి, దువ్వి, ఒక ఫోటో తీసుకున్నాడు. “బిర్యానీ తిన్న మొకం గదా, ఉండనీ.” వారం తర్వాత అది నా ఫోనుకు వచ్చింది. అందులో నేను మా మేనమామల్లో ఎవరికీ లేనంత తెల్లగా ఉన్నాను. పుట్టుమచ్చ లేదన్న సంగతి అప్పుడు గమనించలేదు. మనిషి బాగున్నప్పుడు ఎవరు లెక్క చూసుకుంటారు?

దరఖాస్తు తిరిగొచ్చాక మొన్న ఆదివారం కుప్పం వెళ్ళాను. ఆయన ఎండ పడని వైపు కుర్చీలోనే ఉన్నాడు. గోడ మీద రెండు ఫోటోలు పక్కపక్కనే. రెండింటిలోనూ మునెమ్మ తోట. రెండింటిలోనూ కర్రలు నిటారుగా, కాయ ఎర్రగా, ఆకాశం నీలంగా.

“ఒకటి అప్పుడు సర్దింది” అన్నాడు. “ఇంకోటి ఆ నారు కాపుకొచ్చినాక పోయి తీసింది. దీన్ని ముట్టుకోలా. మనవరాలి మీద ఒట్టు. ముట్టుకునే పనే ల్యా.”

ఏది ఏదో నాకు తెలియలేదు. అదే చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు.

“అదే గదా నేను సెప్పేది! ఈ ఫోటో నేను ముందే పంపితి. మీ మేడమ్మే నమ్మలా.”

 

నేను వచ్చిన పని చెప్పాను. పుట్టుమచ్చ ఉండి తీరాలని, మెడ ఉన్నంతే ఉండాలని, రంగు మా ఇంటి రంగే ఉండాలని. ఆయన బాధగా విన్నాడు. గోడకు నిలబెట్టి దువ్వాడు. గడ్డం కొంచెం కిందికన్నాడు. తీశాడు. కంప్యూటరులోకి దించాక ఆయన కుడిచెయ్యి రెండుసార్లు మౌసు దాకా వెళ్ళి, రెండుసార్లూ తనంతట తానే వెనక్కి వచ్చింది. మునెమ్మ మాట గుర్తుండి ఉంటుంది.

“తీస్కో. నా పేరు మాత్రం ఎవురికీ సెప్పొద్దు.”

చెప్పలేదు. మీరు గమనించే ఉంటారు.

అక్కడే కూర్చుని దరఖాస్తు తెరిచి, ఫోటో ఎక్కించి, బటన్ నొక్కాను. చక్రం తిరుగుతోంది. ఆయన నా భుజం మీదుగా వంగి చూస్తూ, “ఆడ కూడా ఎవురూ లేరా?” అన్నాడు.

“లేరు భాయ్.”

“పాపం” అన్నాడు.

చక్రం ఆగింది. ఎర్రక్షరాలు వచ్చాయి. నాకంటే ముందే ఆయన చదివేశాడు. ముఖం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కుని, రెండు చేతులూ రుద్దుకుని, “ఇట్ల జరుగప్పా” అన్నాడు.

ఫోటో యాభై కేబీకి మించరాదు.